అరువు తెచ్చుకున్న ఓటమి

రోసెందా యాదావుకు గెలవాలని ఏ కోశానా లేదు. ఓడిపోవాలి. అదీ ఎలా పడితే అలా ఓడిపోతే కుదరదు, పద్ధతిగా, పదిమందీ చూస్తుండగా, రెండో స్థానంలో ఓడిపోవాలి. అందుకోసమే ఆవిడ తెల్లారకముందే లేచి, మోకాళ్ళకు నూనె రాసుకుని, భుజాల మీద సీతాకోకచిలుక రెక్కల్లా నిలబడే గంజి చేతుల గౌను తొడుక్కుని, మనీలా రోడ్లను తిట్టుకుంటూ సభకు వచ్చింది.

కొత్త సభ కొలువుతీరి స్పీకర్ని ఎన్నుకునే రోజు అది. సాయంత్రం అధ్యక్షులవారు వచ్చి ప్రసంగం చేస్తారు కనక ఆడవాళ్ళంతా పట్టుగౌన్లలోనూ, మగవాళ్ళంతా అనాసనార చొక్కాల్లోనూ పెళ్ళివారిలా మెరిసిపోతున్నారు. పెళ్ళికొడుకు మాత్రం ముందే ఖాయమైపోయాడు. ఫిదెలీనో అబర్కేజ్. అరవై ఏళ్ళు దాటినా ఆయన్ని ఊరూవాడా టోటోయ్ అనే పిలుస్తారు, అంటే బుజ్జిబాబు అన్నట్టు. అధ్యక్షులవారి దయ ఉన్నవాడు. అక్కడ దయ ఉంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

ఇక రోసెందా సంగతి. ఆవిడ వచ్చింది సాన్ ఎర్మో నుంచి. వెల్లుల్లి పండించే ఊరు. ఆ ఊరి పిల్లలకు పాలపళ్ళకంటే ముందు వెల్లుల్లి వాసన వస్తుందని పక్క ఊళ్ళవాళ్ళు ఎగతాళి చేస్తారు. కొన్నేళ్ళుగా పరదేశపు వెల్లుల్లి ఓడలకు ఓడలు దిగి, తెల్లగా లావుగా బజారు నిండా కూర్చుంది. సాన్ ఎర్మోవాళ్ళ చిన్న వెల్లుల్లి ఇంటి చూరుకు వేలాడి వేలాడి మొలకెత్తిపోతోంది. ఆ మాట సభలో చెప్పాలని రోసెందాను ఎన్నుకుని పంపారు. రెండు దఫాలు అయిపోయి ఇది మూడోది, ఆఖరుది. మూడు దఫాలయ్యాక ఇంటికి పోవాలని అక్కడ చట్టం.

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట ఒక్కసారి కూడా పూర్తిగా చెప్పలేకపోయింది. తప్పు కొంత ఆవిడదీ ఉంది. ఏ విషయమూ సూటిగా మొదలుపెట్టదు. వెల్లుల్లి గురించి చెప్పాలంటే నేల గురించి చెప్పాలి, నేల గురించి చెప్పాలంటే వాన, వాన అంటే ఫలానా ఏడాది వచ్చిన తుపాను, తుపాను అంటే అందులో కొట్టుకుపోయిన గేదె. గేదె దగ్గరికి వచ్చేసరికి మూడు నిమిషాలు అయిపోతాయి, మైకు చప్పున ఆరిపోతుంది. సొంత పక్షం నాయకుడే వెనక్కి తిరిగి, "ఇక కూర్చో మనాంగ్, గేదె చచ్చిపోయింది కదా" అంటాడు. మనాంగ్ అంటే అక్క. అక్కా అక్కా అంటూనే నోరు కట్టేస్తారు.

ఆ సభ మొత్తంలో ఎవ్వరూ మైకు ఆపకూడని మనిషి ఒక్కరే, ప్రతిపక్ష నాయకుడు. ఎంతసేపయినా మాట్లాడొచ్చు. ఆచారం అది. ఆ కుర్చీ మీదే రోసెందా కన్ను.

ఆ కుర్చీ దొరికే తీరు కూడా ఆ దేశానికే చెల్లింది. పార్టీలతో పనిలేదు. అక్కడ పార్టీలంటే పెళ్ళింటి గుమ్మం ముందు చెప్పులు, పోయేటప్పుడు ఎవరి కాలికి ఏది పడితే అది. స్పీకరు ఎన్నికలో గెలిచినవాడికి ఓటు వేసినవాళ్ళంతా పాలకపక్షం. ఓడినవాడికి వేసినవాళ్ళంతా ప్రతిపక్షం. ఓడి రెండో స్థానంలో నిలిచినవాడు ప్రతిపక్ష నాయకుడు. పాలకపక్షంలో ఉంటే కమిటీలు, కార్లు, ఊరికి రోడ్లు, బావమరిదికి ఉద్యోగం. ప్రతిపక్షంలో ఉంటే మంచినీళ్ళు. అందుకని ఓటు పడేముందు అందరూ చెవులు రిక్కించి గాలి ఎటు వీస్తోందా అని వింటుంటారు.

అలాంటిచోట ఓడిపోవడానికి ఓట్లు ఎవరు వేస్తారు? ఆ చిక్కు విప్పింది టోటోయే. పోయిన వారం కారమెల్ కారుతున్న గుడ్ల మిఠాయి, ఫ్లాన్, పట్టుకుని రోసెందా ఇంటికి వచ్చాడు.

"మనాంగ్, నాకొక ప్రతిపక్షం కావాలండీ."

"కావాలంటే బజారుకెళ్ళు. నా దగ్గరికెందుకు?"

"బజారులో దొరికేవి కరుస్తాయి. నాకు పెంపుడుది కావాలి. టీవీలో చూసేవాళ్ళకి మొరుగుతున్నట్టు కనిపించాలి, అంతే."

"నన్ను కుక్కంటున్నావా?"

"రామచిలక అందాం పోనీ. మీరు పోటీ చెయ్యండి, ఓడిపొండి, నాయకురాలైపొండి. ఆ వెల్లుల్లి గోలేదో తీరిగ్గా చెప్పుకోండి. నాకేం అభ్యంతరం లేదు, నేను చెవిలో దూది పెట్టుకుంటా."

"మైకు ఆపవుగా?"

"ఆపితే ఆచారం తప్పినవాణ్ణవుతాను. మా అమ్మ తోడు."

"మరి ఓట్లు? నాకెవరు వేస్తారు, నా మొహం చూసి?"

"నేను అరువిస్తాను" అన్నాడు టోటోయ్, ఫ్లాన్ కోస్తూ. "ఓ డజను మందిని. అందరూ నావాళ్ళే. పరాయివాళ్ళని నమ్మి ఇస్తే రేపు నిజంగానే ప్రతిపక్షమై కూర్చుంటారు. కాబట్టి బావమరుదులూ, వియ్యంకులూ, మా జిల్లాల వాళ్ళూ. కమిటీలు మాత్రం వాళ్ళకి చాటుగా నేనే ఇచ్చుకుంటాను."

అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అనలేదు. ఆ పూట ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. ఎప్పుడో స్పెయిన్ దొర ఒకడు ఆ దీవుల్లో అందరికీ ఇంటిపేర్లు పంచిపెట్టాడు. పేర్ల పుస్తకంలోంచి ఒక్కో పేజీ చింపి ఒక్కో ఊరికి ఇచ్చాడట. టోటోయ్ వాళ్ళ వైపుకు మొదటి పేజీ వచ్చింది. అందుకని ఆయన చుట్టాలందరి ఇంటిపేర్లూ 'ఎ' అక్షరంతోనే మొదలవుతాయి. సభలో పేర్లు పిలిచేదేమో ఎ, బి, సి, డి వరసలో. ఇద్దరూ ఫ్లాన్ తింటూ కూర్చున్నారు.

ఎన్నిక మొదలైంది. స్పీకరు ఇంకా లేడు కనక సభ కార్యదర్శే పైన నిలబడి పేర్లు చదువుతున్నాడు. మొట్టమొదట పిలిచింది టోటోయ్‌నే.

ఇంకో మర్యాద కూడా ఉంది వాళ్ళలో. పోటీచేసేవాళ్ళు ఒకరికొకరు ఓటు వేసుకుంటారు. తనకు తానే వేసుకునేవాణ్ణి మొహం దళసరి మనిషి అని నవ్వుతారు. అలా వేసినంత మాత్రాన వాళ్ళ పక్షం మారదు, ఓటు మాత్రం లెక్కలోకి వస్తుంది. టోటోయ్ లేచి, గుండెమీద చెయ్యి వేసుకుని, "గౌరవనీయులైన రోసెందా యాదావు గారికి" అన్నాడు. సభంతా చప్పట్లు కొట్టింది. పెద్దమనిషి అంటే అలా ఉండాలి అనుకున్నారు.

తరవాత అబియేరా లేచాడు. టోటోయ్ చెల్లెలి మొగుడు. "యాదావు" అన్నాడు.

అదేవా. "యాదావు."

అలిన్సోద్. "యాదావు."

అంపువాన్, ఆర్సెనాల్, ఆ వెనక ఇంకా కొందరు. యాదావు, యాదావు, యాదావు. చప్పట్లు సన్నగిల్లాయి. సభలో గుసగుసలు లేచాయి.

రోసెందా పక్క కుర్చీ గెతూలియో జపాంతాది. ఇంటిపేరు ఆఖరి అక్షరంతో మొదలవుతుంది కనక అందరికంటే ఆఖరున ఓటు వేసే మనిషి. దేవుడు తనకు 'జెడ్' ఇచ్చింది ఎప్పుడూ తప్పు పక్షంలో పడకుండా ఉండటానికేనని ఆయన నమ్మకం. బల్లకింద కాయితం పొట్లంలో వెల్లుల్లి వేసి వేయించిన పల్లీలు పెట్టుకుని నములుతున్నాడు.

"మనాంగ్, ఇదేంటి? నువ్వు గెలిచేలా ఉన్నావే" అన్నాడు.

"ఛ, ఇవన్నీ అరువువి. ఇక అయిపోతాయి చూడు" అంది రోసెందా. అని, పొట్లంలోంచి ఒక వెల్లుల్లి రెబ్బ తీసి వాసన చూసి మొహం చిట్లించింది. "ఇది మనది కాదు. గడ్డి వాసన."

"తింటున్నవాడికి లేని బాధ నీకెందుకు?"

'ఎ'లు అయిపోయాయి. కార్యదర్శి 'బి' మొదలుపెట్టాడు. ముందు బగలాయ్. లావుపాటి మనిషి, అప్పటికే చెమటలో తడిసి ఉన్నాడు. కాళ్ళ మధ్య ఫోను పెట్టుకుని అధ్యక్షభవనానికి ఎడతెరిపి లేకుండా మోగిస్తున్నాడు. అక్కడ ఎత్తేవాళ్ళు లేరు. అధ్యక్షులవారు అద్దం ముందు నిలబడి సాయంత్రం ప్రసంగం అభ్యాసం చేస్తున్నారు, చప్పుడు కాకూడదని ఇంట్లో అందరి ఫోన్లూ ఒక బుట్టలో వేయించారు.

బగలాయ్ బుర్ర గిర్రున తిరిగింది. టోటోయ్ సొంత బావమరిది ఆవిడకే వేశాడు. మేనమామ కొడుకు వేశాడు. వియ్యంకుడు వేశాడు. టోటోయే వేశాడు. అంటే ఏమిటి? రాత్రికి రాత్రి పైనుంచి మాట మారింది. తనకొక్కడికే ఎవరూ చెప్పలేదు. చెప్పలేదంటే తన మీద కోపంగా ఉన్నారు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "నా చిన్ననాటి నుంచీ నేను ఆరాధించే రోసెందా యాదావు గారికి" అన్నాడు.

ఇక చూడండి. ముందు గొర్రె దూకాక మందకు గోతితో పనేముంది. బి, సి, డి, అందరూ వరసపెట్టి లేవడం, యాదావు అనడం, రోసెందా వైపు తిరిగి వంగి నమస్కరించడం. టోటోయ్ ముందు వరసలో కూర్చుని మొహాన నవ్వు అతికించుకుని చేతులు అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దని. జనం దాన్ని ఓడిపోతున్నవాడి పెద్దరికం అనుకుని, ఆహా ఎంత హుందాతనం అని ఇంకా ఉత్సాహంగా యాదావు అన్నారు. లేచి నిజం చెబుదామా అంటే, దేశమంతా టీవీలో చూస్తుండగా, అయ్యా మా వాళ్ళని ప్రతిపక్షంగా అరువిచ్చాను అని ఎలా చెప్తాడు? కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు.

'ఎమ్' దాటేసరికి రోసెందా చుట్టూ జనం. ఒకావిడ వెన్నరొట్టె తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఇంకొకాయన వంగి ఆవిడ చెప్పు బకిలు సరిచేశాడు. మొన్నటిదాకా "గేదె చచ్చిపోయింది కదా" అన్న నాయకుడే వచ్చి, "మనాంగ్, ఆ గేదె పేరేంటో చెప్పారు కాదు" అని చెవిదగ్గర అడిగాడు.

"దానికి పేరు లేదు. నువ్వు అవతలికి నడువు" అంది రోసెందా. ఒళ్ళోని వెన్నరొట్టెను మొహం మాడ్చుకుని బల్లమీదకు నెట్టేసింది.

"ఎందుకా మొహం?" అన్నాడు జపాంతా. "స్పీకరువి కాబోతున్నావు. పెద్ద కారు, ముందు మోటారుసైకిళ్ళు. నాకు చేపల కమిటీ ఇప్పించు."

"ఆ ఎత్తు కుర్చీలో కూర్చున్నవాళ్ళు చర్చలో నోరెత్తకూడదు, తెలుసా నీకు? సుత్తి కొట్టడం, అందర్నీ కూర్చోమనడం. నేను మాట్లాడటానికి వచ్చానయ్యా. మాట్లాడేవాళ్ళ నోరు మూయడానికి కాదు."

"పిచ్చిదానివా? స్పీకరువైతే వెల్లుల్లి బిల్లు నువ్వే తెప్పించుకోవచ్చు కదా."

"తెప్పిస్తాను. సాయంత్రానికి పైనుంచి ఫోను వస్తుంది. తెప్పించిన చేత్తోనే దాన్ని తీసి బీరువాలో పెట్టాలి. ఆ ఓడలు ఎవరి మేనల్లుళ్ళవో నీకు తెలీదూ?"

జపాంతా పల్లీలు నమలడం ఆపాడు. తెలుసు. అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ మాట అనరు.

పేర్లు సాగుతూనే ఉన్నాయి. ఎస్, టి, వి. ఒక్కొక్క ఓటూ రోసెందా నెత్తిన ఇటుకలా పడుతోంది. ఊరు గుర్తొచ్చింది ఆవిడకు. బయల్దేరేటప్పుడు వెల్లుల్లి జడలు మెడలో వేసి పంపారు. "ఈసారైనా చివరిదాకా చెప్పు తల్లీ, మేం రేడియో పెట్టుకుని కూర్చుంటాం" అన్నారు. ఈ సారి కాకపోతే ఇంకో సారి లేదు. సభలో అందరికంటే ఎత్తున కూర్చోబెట్టి, ఆ ఒక్క మాటా అనకుండా చేసేస్తున్నారు.

"గౌరవనీయులైన యాదావు" అని పిలిచాడు కార్యదర్శి.

లేచింది. ఓటు వేసేటప్పుడు ఎందుకు వేస్తున్నామో చెప్పుకోవచ్చు, మూడు నిమిషాలు. మైకు వెలిగింది.

"మా ఊళ్ళో ఒక సామెత ఉంది" అని మొదలుపెట్టింది రోసెందా. "ఆ సామెత ఎలా పుట్టిందంటే, మా పెద్దమామగారికి ఒక పడవ ఉండేది, ఆ పడవ..."

జపాంతా ఆవిడ గంజి చెయ్యి పట్టుకుని లాగాడు. "సూటిగా చెప్పు. మళ్ళీ మైకు పోతుంది."

ఆవిడ ఆగింది. జన్మలో ఎప్పుడూ చెయ్యని పని చేసింది. పడవని అక్కడే వదిలేసి ఒడ్డుకు దిగింది.

"గాలి ఎటూ మారలేదు" అంది. "పైనుంచి ఏ కబురూ రాలేదు. ముందు ఓటు వేసినవాళ్ళంతా టోటోయ్ చుట్టాలు. నేను మర్యాదగా ఓడిపోవాలని ఆయనే నాకు అరువిచ్చాడు. వాళ్ళ పేర్లన్నీ మొదట్లో రావడం వాళ్ళ ఇంటిపేర్ల ఖర్మ. మిగతావాళ్ళు భయపడి దూకారు. నాకు ఈ పెద్ద కుర్చీ వద్దు. నా ఓటు అబర్కేజ్‌కి." కూర్చుంది.

మైకు ఇంకా వెలుగుతూనే ఉంది. సమయం చాలా మిగిలింది. అలా మిగలడం ఆవిడ చరిత్రలో మొదటిసారి.

తరవాత బగలాయ్ లేచాడు. ఫలితం చెప్పేలోగా ఓటు మార్చుకోవచ్చని నియమం. "నేను నోరు జారాను. నా ఓటు నా చిన్ననాటి నుంచీ నేను ఆరాధించే అబర్కేజ్ గారికి" అన్నాడు. వెనకాల మందంతా గోతిలోంచి పైకెక్కడం మొదలుపెట్టింది. కార్యదర్శికి రాసుకోవడానికి చేతులు చాల్లేదు.

అరువు డజనైనా మిగులుతుందని రోసెందా ఆశ. కానీ అబియేరా లేచాడు, చెవులు ఎర్రబారి ఉన్నాయి. "నన్నెవరూ ఎవరికీ అరువివ్వలేదు. నేనేమన్నా ఇస్త్రీపెట్టెనా? నా ఓటు అబర్కేజ్‌కి." అరువుకు పోలేదని చూపించుకోవాలంటే తిరిగి ఇంటికి రావడం ఒక్కటే దారి. చుట్టాలందరూ వరసగా వచ్చేశారు.

ఆఖరికి టోటోయ్ లేచాడు. ఇక ఏ చుట్టాన్నీ, ఏ మర్యాదనీ నమ్మే స్థితిలో లేడు. "నా ఓటు..." అని కాసేపు చొక్కా బొత్తాం తిప్పుకున్నాడు. "నాకే" అన్నాడు. సభ పకపకా నవ్వింది. మొహం దళసరి అని వెనకనుంచి ఎవరో అన్నారు కూడా.

జపాంతాను ఇందాక పిలిచినప్పుడు ఆయన కడుపు నొప్పని బాత్రూముకు పరిగెత్తి, గోల సద్దుమణిగాక వచ్చాడు. నిలబడి చుట్టూ చూసి, "అబర్కేజ్" అని, కూర్చుని రోసెందా వైపు వంగాడు.

"మనాంగ్, ఒక మాట. నీ పేరు మీద ఇప్పుడు ఒక్క ఓటూ లేదు. సున్నాను రెండో స్థానం అంటారా?"

నిజమే. ఓటు లేని మనిషి ఓడిపోయినట్టు కూడా కాదు, అసలు లేనట్టే. కుర్చీ లేదు, మైకు లేదు. కార్యదర్శి కాయితాలు సర్దుకుంటున్నాడు, లెక్క చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాడు. సాన్ ఎర్మోలో సందు సందునా రేడియోలు పెట్టుకుని ఉంటారు. తనకు తాను వేసుకుంటే ఏమంటారో ఆవిడకు తెలుసు. మొగుడు పోయిననాడు కూడా ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషి ఆవిడ.

మోకాళ్ళు కిరకిరమంటుండగా లేచింది.

"నేనూ ఓటు మార్చుకుంటున్నాను. నా ఓటు నాకే" అంది. "నవ్వుకోండి. మొహం దళసరే. ఎండలో వెల్లుల్లి తవ్విన మొహం, పల్చగా ఎలా ఉంటుంది?"

నవ్వారు. టోటోయ్ నవ్వలేదు. లెక్క ఆయనకు అప్పుడే అర్థమైంది.

ఫలితం చెప్పారు. అందరూ అబర్కేజ్‌కి, ఒక్కటి యాదావుకి. టోటోయ్ ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్నాక బగలాయ్ లేచి అడిగాడు, ఒక్క మనిషి ప్రతిపక్షం ఎలా అవుతుందని. కార్యదర్శి నియమాల పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పాడు. రెండో స్థానం వచ్చినవారు అని రాసి ఉంది గానీ, వాళ్ళ వెనక ఎందరుండాలో ఎక్కడా రాసి లేదు. రాసినవాళ్ళకు ఇలాంటి రోజొకటి వస్తుందని తోచలేదు.

"ఉపనాయకుడూ, విప్పూ కావాలి కదా" అన్నాడు ఇంకొకడు వెటకారంగా.

"ఉపనాయకురాలిని నేనే, విప్పునీ నేనే" అంది రోసెందా. "మావాళ్ళంతా ఎప్పుడూ ఒక్క మాట మీద ఉంటారు. మీలో ఏ పక్షమైనా ఆ మాట చెప్పుకోగలదా?"

స్పీకరు ఎన్నికకు ప్రతిపక్ష నాయకుడు జవాబు ప్రసంగం చెయ్యాలి. కాలపరిమితి లేదు. రోసెందా ముందు వరసలో, ఖాళీ కుర్చీల నడుమ, కొత్త మైకు ముందుకు వెళ్ళి నిలబడింది. గంజి చేతులు అప్పటికే ఒకపక్క వాలిపోయాయి. నేల గురించి మొదలుపెట్టింది. ఎర్రమట్టి ఎక్కడుందో, ఇసక ఎక్కడ కలిసిందో, ఏ గట్టు మీద నీళ్ళు నిలవవో చెప్పుకుంటూ పోయింది. తుపాను దాటింది. గేదె పోయింది. మైకు ఆరలేదు. ఆవిడ ఒక్కసారి దాని మీద వేలితో కొట్టి చూసింది. పలికింది.

కాసేపటికి భోజనాల వాసన లోపలికి వచ్చింది, సిర్కా పులుపులో ఉడికిన పంది కూర. సభ్యులు ఒక్కరొక్కరే వంగి వంగి జారుకున్నారు. జపాంతా అందరికంటే ముందు వెళ్ళి, పళ్ళెం పట్టుకుని తిరిగి వచ్చి తన చోట కూర్చుని తిన్నాడు. వింటున్నాడో లేదో తెలియదు గానీ, ఉన్నాడు. టోటోయ్‌కి మాత్రం కదిలే దారి లేదు. ప్రతిపక్షం మాట్లాడుతుంటే స్పీకరు కుర్చీ విడవకూడదు. దూది తెచ్చుకోవడం మరిచిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఓడల దగ్గరికి వచ్చింది రోసెందా. ఏ రేవులో ఎవరి పేరున దిగుతాయో, ఆ పేర్లు ఒక్కొక్కటే, తడబడకుండా, ఊళ్ళో పిల్లల పేర్లు చెప్పినట్టు చెప్పింది. టోటోయ్ ముఖం అనాసనార చొక్కా రంగుకు వచ్చేసింది. ముందుకు వంగి, మైకును అరచేత్తో మూసి, మెల్లగా పిలిచాడు.

"మనాంగ్, మీ కాళ్ళు పట్టుకుంటాను. అధ్యక్షులవారు బయల్దేరారట. ఇంకా ఎంతసేపు?"

రోసెందా గ్లాసెత్తి నీళ్ళు తాగింది. తీరిగ్గా పెదవులు తుడుచుకుంది.

"రానీ నాయనా" అంది. "ఆయనకూ ఒక కుర్చీ వెయ్యించు. ఇంకా ధరల దగ్గరికి రానేలేదు."